వంతకు వదిలిన జాగా

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. కోలారు బంగారు గనుల పక్క ఆండర్సన్‌పేటలో ఒక ముసలాయన పోతే రాయడానికేముంది? మా పేటలో మిగిలినవాళ్ళందరూ ముసలివాళ్ళే. ఒకరి తర్వాత ఒకరు పోతూనే ఉన్నారు. ఒక్కొక్కరి గురించీ రాస్తూ కూర్చుంటే నా వంతు వచ్చేసరికి రాసేవాడు ఉండడు. కలం తీసి, మూత పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టేశాను. చివరికి ఎందుకు కూర్చున్నానంటే, ఆయన పాడిన పాటలు కూతురి దగ్గర భద్రంగా ఉన్నాయి గాని, ఆ పాటలు పట్టడానికి మేం పడిన తిప్పలు ఎక్కడా లేవు. అవి నాకు తప్ప ఎవరికీ అక్కర్లేదు కూడా. అయినా చదవండి.

ఆయన పోయిన సంగతి నాకు ముళబాగిలులో తెలిసింది. చిత్తూరులో ఒక పెళ్ళికి పోతూ, బస్సు కోసం చూస్తూ, బస్టాండు ఎదురు హోటల్లో దోశ తింటున్నాను. ముళబాగిలు దోశ మీద రెండు పేజీలు రాయగలను, ఇప్పుడు రాయను. ఫోను మోగింది. మేస్త్రీ కూతురు. "చిన్నాయనా, నాయన పోయినాడు" అంది. ఎప్పుడన్నాను. "ఇప్పుడే. కాఫీ తాగి కూర్చోనుండినాడు. అట్లే" అంది.  ఫోను పెట్టేశాక చూస్తే ప్లేటులో ఇంకా సగం దోశ ఉంది. తినేశాను. రుచి తెలిసిందా అంటే, తెలిసింది. అదే నాకు ఇప్పటికీ అంతు పట్టదు. చేయి కడుక్కుని బయటికొస్తే చిత్తూరు బస్సు వచ్చి నిలబడి ఉంది. దాని ముందు నుంచే నడిచిపోయి, వెనక్కి మా కె.జి.ఎఫ్. బస్సెక్కాను.

మేస్త్రీ అంటే ఇళ్ళు కట్టే మేస్త్రీ కాదు. గని లోపల తవ్వుకుంటూ పోయిన చోట పైరాయి కూలి మీద పడకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. టింబర్ మేస్త్రీ. గని మూతపడి ఇన్నేళ్ళయినా పేటలో ఆ పేరు మూతపడలేదు. ఆయన నాయన పలమనేరు వైపు పల్లె నుంచి బంగారం తవ్వడానికి వచ్చినవాడు. ఒక్క చిటికెడు బంగారం కూడా చూడకుండానే ఆ పెద్దాయన పోయాడు. దాన్ని గురించి మా పేటలో ఎవరూ గుండెలు బాదుకోరు, అందరి నాయనల కథా అదే.

ఆయన ఇంట్లోకి వచ్చే తీరు చెబితే మనిషి తెలుస్తాడు. గుమ్మంలో నిలబడి ముందు పైకప్పు చూసేవాడు. తర్వాత వేలి కణుపుతో గోడను తట్టి చెవి ఒగ్గేవాడు. ఆ తర్వాతే మనుషుల్ని పలకరించడం. గనిలో తట్టి చూడనిదే ఏ రాయి కిందా నిలబడరట. గట్టి రాయి ఒకలా పలుకుతుంది, గుల్ల రాయి ఒకలా పలుకుతుంది. ఆ అలవాటు పైకి వచ్చాక కూడా చేతిని వదల్లేదు. పుచ్చకాయను తట్టేవాడు, అది సరే. నేను కొత్తగా కొన్న ఫ్రిజ్జును కూడా తట్టి, "లోపల గుల్లగా ఉండాదప్పా" అని జాలిగా చెప్పాడు. ఎన్నిసార్లు వచ్చినా మా ఇంట్లో గది నడుమ కూర్చోలేదు. గుమ్మం చట్రం కిందే పీట. ఎవరికైనా దారి కావాలంటే లేచి, ఇచ్చి, మళ్ళీ అక్కడే కూర్చునేవాడు.

మా లైన్లలో ఒక పద్ధతి ఉండేది. లైన్లంటే గనివాళ్ళు కూలీలకు కట్టించిన ఇళ్ళ వరుసలు. తెలుగువాళ్ళ ఇంట్లో ఎవరైనా పోతే భజన గ్యాంగు వచ్చి వాకిట్లో కూర్చునేది. శవం లేచేదాకా పాడేవాళ్ళు. మేస్త్రీ ఒక చరణం ఎత్తుకుంటాడు, మిగతావాళ్ళు అదే చరణం వంత పాడతారు, ఆ వంత లోపల ఆయన ఊపిరి తీసుకుని ఇంకొకటి ఎత్తుకుంటాడు. డోలక్కు ఒకరు, తాళాలు ఇద్దరు, వంతకు ఎంతమందైనా. కాఫీ, బీడీలు తప్ప ఎవరూ ఏమీ పుచ్చుకునేవాళ్ళు కాదు. అందరూ ఒకే షిఫ్టు మనుషులు. కింద ఒకటే దుమ్ము పీల్చారు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుని గట్టిపడుతుంది. తాళాలవాళ్ళు పోయారు, వంతవాళ్ళు పోయారు, ప్రతివాడికీ మిగిలినవాళ్ళు పాడారు. మేస్త్రీకీ ఆ దుమ్ము ఉంది, కాకపోతే ఆయన్ను మెల్లగా తింది.

చివరికి డోలక్కాయన పోయాడు. ఆ వాకిట్లో మేస్త్రీ ఒక్కడే కూర్చున్నాడు. ఒక చరణం పాడి, దానికి వంత కూడా తానే పాడి, మళ్ళీ చరణం. మూడో పాటకు పెదాలు నీలంగా అయ్యాయి. నేను పక్కన నిలబడి మంచినీళ్ళ చెంబు పట్టుకున్నాను, నా వల్ల అయిన సాయం అదే. తిరిగి వస్తూ ఉంటే దారిలో ఆగి, ఎవరింటి గోడకో ఆనుకుని, "వంత లేకపోతే ఊపిరి తీసుకునేదానికి సందే లేదప్పా" అన్నాడు. ఇంకొంచెం దూరం నడిచాం. ఏ బస్సు ఎక్కాలి అని అడిగినట్టు అడిగాడు, "నాకెవురు పాడతారు?"

నేనున్నాను కదన్నా అన్నాను.

"నీదా? నీ గొంతుకంటే డ్రిల్లు మిషనే మేలు" అన్నాడు. తర్వాత నాలుగడుగులు వేసి, "నువ్వు క్యాసెట్ల కొట్టు పెట్టినోడివి. నా గొంతు నాకే పట్టి పెట్టు. ఆ పొద్దు దాన్ని పెడితే చాలు" అన్నాడు.

క్యాసెట్ల కొట్టు సంగతి నిజమే. ఒకప్పుడు పేటలో నా కొట్టు ముందు మనుషులు నిలబడేవాళ్ళు. కావలసిన పాటలు రాసిచ్చిపోతే సాయంత్రానికి ఒక ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించి ఇచ్చేవాణ్ణి. ఒకావిడ రెండు పక్కలా ఒకే పాట ఎక్కించమంది. అది వేరే కథ. చెప్పేదేమంటే, ఎవరో ఎక్కడో పట్టిన గొంతును ఇక్కడ దించడమే నాకు తెలుసు. నోట్లోంచి వచ్చే గొంతును నేరుగా పట్టడం నా జన్మలో చేయలేదు. ఈ తేడా మేస్త్రీకి చెప్పాను. వడ్లు అమ్మేవాడికి వడ్లు పండించడం రాదా అన్నట్టు చూశాడు.

కూతురు రోజూ తెల్లారి రైలెక్కి బెంగుళూరు పోయి పని చేసి వస్తుంది. మా ఊరిలో సగంమంది బతుకు ఆ రైల్లోనే గడుస్తుంది. ఆమె తన పాత ల్యాప్‌టాప్ ఇచ్చి, ఆన్‌లైన్లో ఒక మైకు తెప్పించింది. నల్లగా, పొట్టిగా, నిలబెట్టిన టార్చిలైటులా ఉంది. రైల్లో పక్కన కూర్చునే అమ్మాయి దాంట్లోనే పాటలు పాడి పెడుతుందట, మంచిదట. ఎందుకు కావాలో మాత్రం తండ్రి ఆమెకు చెప్పలేదు. పాటలు మరిచిపోతానేమోనని అన్నాడు. అసలు సంగతి భార్యకు చెప్పక తప్పలేదు, ఎందుకంటే ఇల్లు ఆమెది.

వదిన బైరకూరు మనిషి. రాగి చేలూ ఆవులూ ఉన్న ఇంటి నుంచి ఈ రేకుల ఇంటికి వచ్చింది. మాట తక్కువ. ఆ రోజు మాత్రం చేటలో రాళ్ళేరుతూ తల ఎత్తకుండానే చెప్పేసింది. "మనిషి బతికుండే ఇంట్లో చావింటి పాటలేంది? నేనుండంగా కాదు." ఆమె మాటలో న్యాయం ఉంది. ఆ పాటలు శవం ఉన్న వాకిట్లోనే పాడాలి, ఉత్తప్పుడు కూనిరాగం కూడా తీయకూడదు. మేస్త్రీ ఇన్నేళ్ళుగా ఒక్కసారి కూడా ఇంట్లో వాటిని పెదవి మీదికి రానివ్వలేదు. బేరం చాలా రోజులు నడిచింది. చివరికి ఆమె ఒప్పుకున్నది ఇదీ. వెనక గదిలో, తలుపేసుకుని. పాడినంతసేపూ తాను వీధి అరుగు మీద కూర్చుంటుంది, చెవిన పడకూడదు. అయిపోయాక ఆయన ఒక మంగళహారతి పాడి ఇల్లు శుద్ధి చేసిగాని బయటికి రాకూడదు.

మొదటి రోజు ఒక పాట పూర్తిగా పాడించి, పెట్టి వింటే మేస్త్రీ గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు ఉంది. నేను ల్యాప్‌టాప్ మీద వేసిన వేళ్ళు మాత్రం సమ్మెట దెబ్బల్లా ఉన్నాయి. మైకు చెడిపోయిందనుకుని తిట్టుకున్నాం. మర్నాడు ఎవరో కుర్రవాడు చెప్పే వీడియో ఒకటి చూస్తే తెలిసింది, ల్యాప్‌టాప్‌కు దానిదే ఒక చిన్న మైకు లోపల ఉంటుంది, మనం వైరు గుచ్చినా సరే, చెప్పనిదే అది తన మైకుతోనే పడుతుంది. మేం పాడింది టార్చిలైటుకు, విన్నది ల్యాప్‌టాప్. అమరికల్లోకి పోయి పేరు మార్చాను. గొంతు దగ్గరికి వచ్చింది, అయినా ముక్కుతో పాడినట్టే ఉంది. దానికి ఇంకొక వీడియో. మేస్త్రీ ఏమో లౌడ్‌స్పీకర్ మైకుకు అలవాటుపడినవాడు, దాని నెత్తిమీద నోరు పెట్టి పాడుతున్నాడు. ఈ జాతి మైకు నెత్తితో వినదట, పక్కనుంచి వింటుందట. "చెంపకు పాడాల్నా? సరే, చెంపకే పాడతా" అని ఆయన ఇలా పక్కకు జరిగాడు. ఆ రోజుకు గెలిచామనుకున్నాం.

తర్వాత గుయ్‌మని ఒక మోత పట్టుకుంది. ఫ్యాను ఆపాం, ఫ్రిజ్జు తీగ పీకాం, వీధిలో ట్రాన్స్‌ఫార్మరును అనుమానించాం. ఛార్జరు తీసేస్తే ఆగిపోయింది. ఆ ఇళ్ళకు ఎర్త్ అనేది ఉందో లేదో ఎవరికీ తెలియదు. అందుకని ముందు బ్యాటరీ నింపుకుని, తర్వాత తీగ పీకి, అది అయిపోయేలోపల పాడడం నేర్చుకున్నాం. ఆయన పైస్థాయికి పోయినప్పుడల్లా గొంతు చిరిగిపోయేది. అన్నిటికంటే గట్టి చరణం ముందు పాడించి, దానికి సరిపోయేలా మైకు తగ్గించి పెట్టుకున్నాం. ప, భ వచ్చిన చోటల్లా దుబ్‌మని గాలి కొట్టేది, భజనలో భ లేకుండా ఎలా? వదిన పాత జల్లెడకు పంచె గుడ్డ కట్టి మైకుకు అడ్డం పెడితే ఆ దుబ్బు పోయింది. ఆ జల్లెడ వదిన తానే ఇచ్చింది, ఎందుకని అడగలేదు.

ఒకరోజు సంగతి చెప్పాలి. హెడ్‌ఫోను ఆయన చెవులకు పెట్టి, ఊరికే గదిని వినమన్నాను, ఇంకా ఏ చప్పుళ్ళు ఉన్నాయో కనిపెట్టడానికి. పొద్దు ఎక్కుతోంది, పైన రేకులు వేడెక్కి టకటకమంటున్నాయి, రేకుల కింద పాత వాసం కిర్రుమంది. ఉత్త చెవికి అది వినిపించనంత చిన్న చప్పుడు. హెడ్‌ఫోనులో మాత్రం కొండ విరిగినట్టు. మేస్త్రీ ఒక్క మాట లేకుండా లేచి, నా రెక్క పట్టుకుని, తలుపు తోసుకుని వీధిలోకి లాక్కొచ్చేశాడు. చెవుల మీద హెడ్‌ఫోను అలాగే ఉంది, తీగ ఊడి వెంట వచ్చింది. అరుగు మీద ఉన్న వదిన మా ఇద్దర్నీ చూసింది. ఆయన కాసేపు పైకప్పు చూసి, తర్వాత ఆకాశం చూసి, "పైన రాయి లేదు కదా" అన్నాడు. నవ్వలేదు. నేనూ నవ్వలేదు. వదిన మాత్రం చాలాసేపు నవ్వింది.

రేకుల వల్లే ఇంకొక కష్టం. గొంతు రేకులకు తగిలి తిరిగొచ్చి, గది నిండా గోలగా ఉండేది. మెత్తటివి వేలాడదీయాలని వీడియోల వాళ్ళందరూ చెప్పారు. మేస్త్రీకి ఈ పని బాగా నచ్చింది. గనిలో గాలిని దారి మళ్ళించడానికి గోనె తెరలు కట్టడం ఆయన చేసిన పనే. బైరకూరు నుంచి వచ్చిన రాగి సంచులు విప్పి, కుట్టి, నాలుగు పక్కలా తెరలు కట్టేశాడు. ఒక మూల కాస్త వదులుగా ఉంటే మళ్ళీ విప్పి కట్టాడు. ఆ తెరల లోపల నిలబడి పాడితే గొంతు ఎంత బాగా వచ్చిందంటే, రాగి వాసన కూడా పడిందేమో అనిపించింది.

ఆ మరుసటి రోజు నుంచే చిటపటలు మొదలయ్యాయి.

పోపులో ఆవాలు చిట్లినట్టు. మొదట ఒకటి అరా, తర్వాత ధారగా. పాట నడుమకు వచ్చేసరికి గొంతు కంటే ఆవాలే ఎక్కువ. తీగ మార్చాం. గుచ్చే చోటు మార్చాం. ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ పెట్టాం. మైకు తగ్గించాం. నాకు తెలిసిన రేడియో రిపేరాయన ఒకడు వచ్చి, తల ఆడించి, కాఫీ తాగి వెళ్ళాడు. మైకు వెనక్కి పంపించి ఇంకొకటి తెప్పించమని కూతురితో అన్నాను. వాళ్ళు ఇంకొకటి పంపారు. అది రెండు రోజులు బాగుండి, అదీ ఆవాలు చిట్లించింది. మేస్త్రీ దాన్ని వేలితో తట్టి, చెవి పెట్టి, "గుల్లరాయి" అన్నాడు. ఈ తిప్పల్లో వేసవి గడిచింది. బంగారం తీశాక గనివాళ్ళు పారబోసిన సైనైడ్ దిబ్బల మీదినుంచి తెల్లటి దుమ్ము లేచి ఇళ్ళ మీద పడే రోజులు. ఆయన ఊపిరి ఒక్కో వారానికి కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. మొదట్లో ఒక పాటను నిలబడి పాడేవాడు, తర్వాత కుర్చీలో, తర్వాత కుర్చీలో కూడా ఒక దమ్ముకు రెండు చరణాలు పాడినవాడు ఒకటికి వచ్చాడు. ఇద్దరికీ తెలుసు. మైకు బాగయ్యేది ముందా, గొంతు పోయేది ముందా అన్నంతవరకు వచ్చింది. 

ఒకరోజు కుళాయి నీళ్ళు రాలేదు, ట్యాంకరూ రాలేదు. ఆ రోజు మైకు ఏ పేచీ పెట్టలేదు. ఒక్క చిటపట లేదు. కాకపోతే మేస్త్రీ పాడలేకపోయాడు, దగ్గుతూనే ఉన్నాడు. ఎందుకిట్లా అని అడిగితే, సంచులు తడపలేదు కదా అన్నాడు.

అప్పటిదాకా నాకు తెలియదు. నేను రాకముందే ప్రతి పొద్దూ రెండు బిందెల నీళ్ళు తెచ్చి ఆ గోనె తెరలు నిలువునా తడిపేవాడట. నేను వచ్చేసరికి అవి పైకి ఆరినట్టే ఉండేవి. గనిలో పేలుడు తర్వాత నీళ్ళు చల్లనిదే లోపలికి అడుగు పెట్టరు, దుమ్ము అణగాలి. సంచి కట్టాక తడపకుండా దాని పక్కన నిలబడడం ఆయన ఒంటికి తెలియదు. "తడి లేకపోతే ఊపిరి ఆడదప్పా, నీకు చెప్పేదేముందని" అన్నాడు. తలుపులేసిన చిన్న గదిలో ఆ తడంతా గాలిలోకి ఎక్కి, ఆ సున్నితమైన మైకు గుండెలోకి పోయి చిటపటలాడించింది. రెండు మైకులకూ అలా మేమే నీళ్ళు పట్టించాం.

ఇప్పుడు సంగతి సులువుగా ఉంది, సులువుగా లేదు. గది తడిగా ఉంటే ఆయన గొంతు బాగుంటుంది, మైకు చిట్లుతుంది. పొడిగా ఉంటే మైకు బాగుంటుంది, ఆయన దగ్గుతాడు. సంచులు తీసేసి బొంతలు కట్టాం. పీచు రాలదు కాబట్టి దగ్గు కొంచెం తగ్గింది, పోలేదు. ఆ దగ్గు సంచుల్లో లేదు, ఆయన లోపల ఉంది. ఇంకొన్నాళ్ళు ఆగుదామా అన్నాను, వానలు పడితే దుమ్ము అణుగుతుంది, నెమ్మదిస్తుంది అన్నాను.  "పొడిగానే కానీ" అన్నాడు. "దగ్గు వచ్చినప్పుడు దగ్గుతా. వంతకు వదిలే జాగా ఉండాది కదా, దాంట్లో దగ్గుతా. చరణంలో రానీను."

నిజంగానే రానీయలేదు. ఎలా చేశాడో నాకు తెలియదు. చరణం ఎత్తుకుని, చివరిదాకా నిలబెట్టి, ముగించి, అప్పుడు వంగి దగ్గేవాడు. వంత పట్టేంత సేపూ దగ్గి, చేత్తో మోకాలి మీద తాళం వేస్తూ, సరిగ్గా వంత ముగిసే చోట తల ఎత్తి మళ్ళీ అందుకునేవాడు. "ఎవరి నీడ ఎవరిదయ్యా, పొద్దు వాలినాక" అని ఒక పాట ఉంది, లైన్లలో ఎవరో కట్టినది, రాసినవాడి పేరు ఎవరికీ తెలియదు. ఆ పాటకు దగ్గు చాలా వచ్చింది. చరణం ఒక్కటీ చెడలేదు. నేను హెడ్‌ఫోనులో విన్నాను కాబట్టి చెబుతున్నాను, ఆ దగ్గు కూడా తాళంలోనే ఉంది. రోజుకొక పాట చొప్పున పొడి గదిలో పూర్తి చేశాం. చివర్లో మంగళహారతి మాత్రం ఏనాడూ మానలేదు, కొన్నిసార్లు ఒక్క చరణమే, గుసగుసలా.

ఆదివారం కూతురు వాటిని తన ఫోనులోకి ఎక్కించుకుని శుభ్రం చేసింది. సాయంత్రం తండ్రికి వినిపించింది. ఆయన సగం వినకుండానే చేయెత్తాడు. దగ్గులు ఉన్న చోటల్లా ఆమె కత్తిరించి అతికించింది, చరణం వెంట చరణం, రైలు అందుకోవడానికి పరుగెత్తుతున్నట్టు ఉంది.

"జాగా యాడమ్మా?" అన్నాడు.

"ఏం జాగా నాయనా? అంతా దగ్గే కదా ఉండింది."

"దగ్గు తీసెయ్. జాగా తియ్యొద్దు. వంత పాడేవాళ్ళు యాడ పాడాల?"

కూతురికి ఆ పాటలు ఎందుకో అప్పుడు అర్థమైంది. ఏవో పాత భజనలు అనుకుందిగాని, అవి ఏ వాకిట్లో పాడేవో ఆలోచించలేదు.  తర్వాత మెల్లగా అంది, "వంత పాడేవాళ్ళు ఎవురుండారు నాయనా? ఒకరూ లేరు కదా."

"జాగా ఉంటే ఎవురో ఒకరు పాడతారు. జాగానే లేకపోతే పాడాలన్నా పాడలేరు" అన్నాడు.  ఆయనే మళ్ళీ, "పాడకపోతే పాయె. ఆ సందులో నేను ఊపిరన్నా తీసుకుంటా" అన్నాడు. ఇది తమాషాకు అన్నాడో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆమె మళ్ళీ మొదటినుంచి కూర్చుని, దగ్గులను మాత్రం చెరిపి, ఆ చోట్లను అంతంత ఖాళీగా ఉంచింది. ఆయన మోకాలి మీద తాళం వేసుకుంటూ ప్రతి ఖాళీనీ కొలిచి చూసుకున్నాడు. ఒకచోట అర తాళం తక్కువైందన్నాడు, అదీ సరిచేసింది.

ఆ తర్వాత మేం మైకు జోలికి పోలేదు. నేను అప్పుడప్పుడూ పోయి కూర్చునేవాణ్ణి. పాటల మాట ఎత్తేవాళ్ళం కాదు. రాగుల ధర గురించి, రైల్లో జనం గురించి, కొత్త సిమెంటు రోడ్డు గుల్లగా పలుకుతుందా గట్టిగా పలుకుతుందా అన్న దాని గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఒకసారి నేను లేచి వస్తుంటే, "ఇంగ పని అయిపాయె కదప్పా, తీరిగ్గా రా" అన్నాడు.

ముళబాగిలు నుంచి వచ్చి, పొద్దున మా ఊరి బస్టాండులో వదిలిన మోపెడ్ తీసుకుని నేరుగా వాళ్ళింటికి పోయాను. వాకిట్లో బెంచీ మీద పడుకోబెట్టారు. పక్కన వదిన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. వచ్చినవాళ్ళు ఎక్కువమంది వీధివాళ్ళే, కూతురి రైలు స్నేహితురాళ్ళు కొందరు. అందరూ ఏదో ఒక పని ఉన్నట్టు నిలబడ్డారు. భజన గ్యాంగు కూర్చునే చోట ఎవరో చాప వేశారు. అలవాటు కొద్దీ వేసి ఉంటారు. దాని మీద ఎవరూ కూర్చోలేదు. కూతురు నా వైపు చూసింది. నేను తల్లి వైపు చూశాను. వదిన మా ఇద్దర్నీ చూసింది, వద్దని అనలేదు. కూతురు ఒక చిన్న స్పీకరు పెట్టె తెచ్చి ఆ చాప మీద పెట్టి, ఫోను నొక్కింది.

ఆయన గొంతు వచ్చింది. విన్నవాళ్ళు ముందు బెంచీ వైపు చూశారు, తర్వాత పెట్టె వైపు. మొదటి చరణం అయింది. ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో ఎవరిదో పిల్ల ఏడ్చింది, వీధిలో ఆటో పోయింది. ఎవరూ పాడలేదు. రెండో చరణం, మళ్ళీ ఖాళీ. నేను నోరు తెరిచాను, మళ్ళీ మూసుకున్నాను. ఆయన అంత కొలిచి పెట్టిన జాగా అది, ఇంత పొడుగ్గా ఉంటుందని నాకు ఎప్పుడూ తోచలేదు. మొదటి పాట అలాగే అయిపోయింది. రెండోదీ అలాగే. కూతురు ఆపేద్దామా అన్నట్టు ఫోను చేతిలోకి తీసుకుంది, ఆపలేదు. నాకు ఏడుపు రాలేదు. గుయ్‌మన్న మోత లేదు, చిటపట లేదు, భ బాగా వచ్చింది అనుకున్నాను. ఆ వేళకు నాకు తోచింది అదే.

మూడోది, నీడ పాట, మొదలవుతుండగా వెనక ఎవరో భుజం తట్టారు. శవాన్ని తీసుకుపోయే వ్యాను డ్రైవరు. "సార్, ఆ మోపెడ్ మీదేనా? రవ్వంత పక్కకు తీస్తే బండి వెనక్కి పెడతాను" అన్నాడు. నాదే. సందు మొదట్లో అడ్డంగా నిలిపి వచ్చాను.

బయటికి పోయాను. తాళం చెవి కుడి జేబులో లేదు, ఎడమ జేబులో ఉంది. మోపెడ్ తోసుకుంటూ టైలరు కొట్టు ముందుకు పోయాను. వ్యాను ఇంజను నడుస్తూ ఉంది. అది చిన్న స్పీకరు, మేస్త్రీ గొంతు అంత దూరం రాలేదు. పాట ఎక్కడిదాకా వచ్చిందో తెలియలేదు. అప్పుడు లోపలినుంచి ఒక ఆడ గొంతు వినబడింది. ఎవరి నీడ ఎవరిదయ్యా అని, శ్రుతి లేకుండా, గట్టిగా. వదిన గొంతు. తర్వాత కాసేపు ఏమీ లేదు. తర్వాత మళ్ళీ ఆమె, ఈసారి పక్కన ఇంకెవరో. ఆ తర్వాత మరికొందరు. మధ్యలో ఆయన పాడుతున్న చోట్లు మాత్రం వీధికి ఖాళీగానే వినబడ్డాయి.

నేను మోపెడ్‌కు స్టాండు వేశాను. డ్రైవరు వ్యాను సగం వెనక్కి తెచ్చి, అటువైపు ఒకసారి చూసి, ఇంజను ఆపేసి కిందికి దిగాడు.